గుమ్మం లేని కొట్లు

నాలుగో కౌంటరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షిక మొదటిసారి చూసేవాళ్ళకి ఒక మాట. నేను విశాఖపట్నంలో ఒక బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కూర్చున్నది నాలుగో నంబరు కౌంటర్లో. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటూ, పొద్దున్నే రైతుబజారుకి వెళ్ళొచ్చాక మీ ఉత్తరాలు చదువుతాను. ఈ నెల వచ్చినవాటిలో సగానికి పైగా ఒకటే గొడవ: ఆన్‌లైన్‌లో కొన్నాం, మోసపోయాం. లేదా, కొనబోతున్నాం, మోసపోతామేమోనని టెన్షన్‌గా ఉంది. అందుకని పెన్షన్ ప్రశ్నలు, లాకరు ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను. ఏమీ అనుకోకండి.

*

ప్రశ్న: మేడమ్, ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చూశాను. పొందూరు ఖద్దరు చీరలు, 80 శాతం తగ్గింపు, ఒక్కోటి 799 రూపాయలు. వెబ్‌సైటు చాలా బాగుంది. 1987 నుంచి వ్యాపారంలో ఉన్నామని, షాపు మన ద్వారకానగర్‌లోనేనని రాశారు. 'మూడు మాత్రమే మిగిలాయి' అని పక్కన గడియారం తిరుగుతోంది. మా ఆడపడుచు గృహప్రవేశానికి నాలుగు చీరలు తీసుకుందామనుకుంటున్నాను. వెబ్‌సైటు అడ్రసు ఈ ఉత్తరంలో రాశాను. కొనొచ్చా? (ఒక గృహిణి, గాజువాక)

జవాబు: కొనకండమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది మీరు నిదానంగా చదువుకోవచ్చు.

అసలు 799 దగ్గరే నాకు అనుమానం వచ్చింది. పొందూరు మనకి దూరమేం కాదు, శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అక్కడ సన్నఖద్దరు ఎలా పుడుతుందో చూసినవాళ్ళకి ఆ ధర నవ్వు తెప్పిస్తుంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. చేత్తో ఏకుతారు, చేత్తో వడుకుతారు, చేత్తోనే నేస్తారు. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, దాని చీర వేలల్లో ఉంటుంది. ఆ 799 ఆడవాళ్ళ వడుకు కూలికే చాలదు. 'తగ్గింపు' అన్న మాట చూసినప్పుడు ఎంత తగ్గించారని కాదు, ఈ వస్తువు తయారవడానికి ఎంతవుతుందని లెక్క వేసుకోండి. ఆ లెక్క మీకు తెలియకపోతే తెలిసినవాళ్ళని అడగండి. ఖాదీ భండారులో అడిగితే కాఫీ ఖర్చు కూడా లేకుండా చెబుతారు.

ఇక వెబ్‌సైటు బాగుంది అన్నారు. మేం కౌంటర్లో చెక్కు చేతికి తీసుకున్నప్పుడు కాగితం ఎంత నున్నగా ఉందని చూసేవాళ్ళం కాదు. పేరు, తేదీ, అంకెల్లో అక్షరాల్లో మొత్తం ఒకటేనా, సంతకం మా దగ్గరున్న నమూనాతో కలుస్తుందా అని చూసేవాళ్ళం. దొంగ చెక్కు తెచ్చినవాడి చెక్కే అన్నిటికన్నా శుభ్రంగా ఉండేది. వెబ్‌సైటూ అంతే. అందమైన వెబ్‌సైటు ఇప్పుడు ఒక పూటలో తయారవుతుంది. ఫొటోలు వేరేవాళ్ళవి ఎత్తుకొస్తారు. మీరు పంపిన సైటులో నీలం అంచు చీర ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేసి చూశాను. అదే చీర, అదే అమ్మాయి, వేరే రాష్ట్రంలో ఒక బట్టల షాపు పేజీలో ఉంది. అక్కడ అది పొందూరు ఖద్దరు కాదు, మామూలు కాటన్.

ద్వారకానగర్‌లో నాకు కళ్ళద్దాల పని ఉంది, పనిలో పనిగా ఆ షాపు కూడా చూసి వద్దామని వెళ్ళాను. సైటులో ఇచ్చిన డోరు నంబరు నిజమే. అక్కడ ఒక జిరాక్స్ కొట్టుంది. నేను గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తుంటే కొట్లో అతనే అడిగాడు, "ఏటమ్మా, మీరూ చీరల కోసమేనా? ఈ వారంలో మీరు నాలుగో మనిషి." అతను పాపం ఒక కాగితం మీద 'ఇక్కడ చీరలు అమ్మబడవు' అని స్కెచ్ పెన్నుతో రాసి అతికించాడు కూడా. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు, ఆ అడ్రసులో పిన్‌కోడు చూసినా చాలు. విశాఖపట్నం పిన్‌కోడు 530తో మొదలవుతుంది. ఆ సైటులో ద్వారకానగర్ అని రాసి పక్కన 560తో మొదలయ్యే నంబరు వేశారు. అది బెంగళూరుది.

తర్వాత ఆ సైటు వయసు చూశాను. ప్రతి వెబ్‌సైటు పేరుకీ పుట్టిన తేదీ ఒకటి రికార్డులో ఉంటుంది. దాన్ని హూఈజ్ రికార్డు అంటారు. వెబ్ పేర్ల లెక్క చూసే ఐకాన్ (ICANN) అనే సంస్థ లుకప్ పేజీలో పేరు కొడితే ఆ తేదీ ఉచితంగా కనిపిస్తుంది. మా మనవడు నేర్పాడు. 1987 నుంచి వ్యాపారం చేస్తున్న ఈ పెద్దమనుషుల సైటు పుట్టి అప్పటికి 19 రోజులు. పురిటి మైల కూడా పూర్తిగా తీరనట్టే. అయితే ఒక జాగ్రత్త, కొత్త సైట్లన్నీ దొంగవి కావు, నిన్న మొదలుపెట్టిన నిజాయితీ వ్యాపారి కూడా ఉంటాడు. పాత సైట్లన్నీ మంచివీ కావు, వదిలేసిన పాత పేర్లని కొని వాడేవాళ్ళున్నారు. చెప్పుకున్న వయసుకీ అసలు వయసుకీ పొంతన లేకపోతేనే అనుమానించాలి.

కింద జీఎస్టీ నంబరు ఉందని మీరు ధైర్యంగా రాశారు. మంచి పనే, కానీ ఆ నంబరు చదివారా? జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం, తర్వాతి పది ఆ వ్యాపారి పాన్ నంబరు. ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. వీళ్ళది 07తో మొదలైంది, అంటే ఢిల్లీ. సరే, ఢిల్లీ కంపెనీ ఇక్కడ కొట్టు పెట్టిందేమో అనుకున్నాను. జీఎస్టీ పోర్టల్లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' అనే చోట ఆ నంబరు వేశాను. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. వ్యాపారి అసలు పేరు, వాడుక పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా నడుస్తోందా రద్దయిందా, అన్నీ వచ్చాయి. అది ఒక ఇనుప సామాన్ల వ్యాపారి నంబరు. ఆయనకి తెలియకుండా ఎత్తుకొచ్చి వేసుకున్నారన్నమాట. నంబరు ఉందా అని చూసి ఆగిపోతే మనకి వచ్చేది ఏమీ లేదు. ఆ నంబరు ఎవరిది అని చూడాలి.

మీ గడియారం సంగతి. పేజీ మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ 14 నిమిషాల 59 సెకన్ల నుంచి మొదలైంది. మర్నాడు తెరిచాను, అప్పుడూ మూడు చీరలే మిగిలాయి. అక్షయపాత్రలా ఉంది. ఇలా లేని తొందర పుట్టించి కొనిపించడాన్ని 'డార్క్ ప్యాటర్న్' అంటారు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మొట్టమొదటిది ఈ తొందరపెట్టడమే. పేరున్న సైట్లు కూడా ఈ వేషాలు వేస్తాయి కాబట్టి దీన్ని బట్టే దొంగ అని తేల్చలేం. కాకపోతే మీ గుండె వేగం పెరిగితే మీ బుర్ర పని చేయదని వాళ్ళకి తెలుసు. గడియారం కనబడగానే ఫోను పక్కన పెట్టి అన్నం వార్చుకు రండి.

ఇంకొకటి చూశాను, ఇది చాలామంది చూడరు. పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో 'రిటర్న్ పాలసీ', 'షరతులు' అని ఉంటాయి. అక్కడ నొక్కితే వీళ్ళ పేరు కాకుండా ఇంకేదో కుక్కల బెల్టులు అమ్మే సైటు పేరుంది. ఎక్కడినుంచో కాపీ కొట్టి పేరు మార్చడం మర్చిపోయారు. మన దేశంలో 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వ్యాపారి తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం అడ్రసు, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్ ఆఫీసరు పేరు, వివరాలు సైటు మీద పెట్టాలి. ఆ ఆఫీసరు మన ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ సైటులో ఫోను నంబరే లేదు, ఒక జీమెయిల్ అడ్రసు, ఒక ఫారం.

పూర్ణా మార్కెట్లో గిన్నె కొంటారు, ఇంటికొచ్చి చూస్తే చిల్లు. మర్నాడు వెళ్ళి ఆ కొట్టు గుమ్మంలో నిలబడి దెబ్బలాడతారు. అతను మార్చి ఇస్తాడో, గొణుక్కుంటాడో, ముందు దెబ్బలాడటానికి గుమ్మం ఉంది కదా. ఆన్‌లైన్‌లో ఏది కొన్నా నేను మొదట వెతికేది ఆ గుమ్మమే. పైన చెప్పిన పిన్‌కోడు, జీఎస్టీ, పుట్టిన తేదీ, అన్నీ ఆ గుమ్మం ఉందో లేదో చూసుకోవడానికే.

ఆడపడుచుకి చీర నిజంగా పెట్టాలనుకుంటే నాలుగు బదులు ఒకటే మంచిది పెట్టండి. ఇది మీరు అడగలేదు, చెప్పేశాను.

*

ప్రశ్న: సైటు అడ్రసు పక్కన తాళం గుర్తుంటే నమ్మొచ్చని కొన్నేళ్ళ క్రితం మీలాంటివాళ్ళే చెప్పారు. ఇప్పుడు కాదంటున్నారు. ఏది నిజం? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సీతమ్మధార)

జవాబు: మేస్టారూ, తప్పు ఒప్పుకుంటున్నాను. నేనూ కౌంటర్లో కూర్చుని అలాగే చెప్పేదాన్ని. తాళం అంటే మీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య వెళ్ళే మాటలు దారిలో ఎవరూ చదవలేరని అర్థం, అంతే. మీరు కవరుకి జిగురు గట్టిగా రాసి అతికించారు, దారిలో పోస్ట్‌మాన్ చదవలేడు. ఆ కవరు అందుకునేవాడు దొంగ అయితే జిగురు ఏం చేస్తుంది? ఒకప్పుడు ఆ తాళానికి సర్టిఫికెట్ డబ్బుపెట్టి కొనాల్సి వచ్చేది, ఇప్పుడు ఉచితంగా ఎవరికైనా దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా నమ్ముతున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజరు ఆ తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టింది. తాళం లేని, అంటే 'నాట్ సెక్యూర్' అని బ్రౌజరు చూపించే సైటులో మాత్రం డబ్బు కట్టనే కట్టకండి. ఉన్నంత మాత్రాన కట్టకండి.

*

ప్రశ్న: ఆంటీ, నేను మధురవాడలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాను. పండగ ఆఫర్ అని వాట్సాప్‌లో లింకు వచ్చింది. పెద్ద కంపెనీ లోగో, రంగులు, అన్నీ అచ్చు అలాగే ఉన్నాయి. అడ్రసులో కూడా ఆ కంపెనీ పేరు ఉంది. నా రూమ్మేట్ 2,999కి ఇయర్‌బడ్స్ ఆర్డర్ పెట్టాడు, నెలయినా రాలేదు. పేరు ఉన్నా దొంగది ఎలా అయింది? (విద్యార్థి, మధురవాడ)

జవాబు: బాబూ, మన తెలుగువాళ్ళ పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, మనిషి పేరు తర్వాత. వెబ్ అడ్రసుకి ఇది తిరగబడింది. ఇంటిపేరు చివర ఉంటుంది. ఆ తేడా తెలియకే మీ రూమ్మేట్ చిక్కుకున్నాడు.

ఉదాహరణకి 'మంచికొట్టు డాట్ కామ్' అని మనకి తెలిసిన షాపు ఉందనుకో. దొంగ 'మంచికొట్టు డాట్ పండగ-ఆఫర్ డాట్ షాప్' అని పెడతాడు. ఎడమవైపు నుంచి చదివితే మంచికొట్టు అనే కనబడుతుంది. అసలు చదవాల్సింది ఇలా: మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీత, అంటే స్లాష్, ఎక్కడుందో చూడు. అక్కడినుంచి ఎడమవైపుకి రా. చివరి డాట్‌కి ముందున్న మాటే ఇంటిపేరు. ఇక్కడ ఇంటిపేరు 'పండగ-ఆఫర్'. మంచికొట్టు అన్నది ఆ ఇంట్లో వాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పిల్లాడి పేరు, ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. డాట్ కో డాట్ ఇన్ అని ఉంటే ఇంకో మాట ఎడమకి వెళ్ళు.

ఇంకో వేషం, అక్షరాలు మార్చడం. ఇంగ్లీషులో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన రాస్తే చిన్న ఫోనులో 'ఎమ్' లాగా కనబడుతుంది. 'ఓ' బదులు సున్నా వేస్తారు. నా కళ్ళకి అసలు ఆనవు, అందుకే నేను ఒకటే పని చేస్తాను: ఎవరు పంపిన లింకూ నొక్కను. ఆఫర్ నిజమైతే ఆ కంపెనీ యాప్ తెరిచి చూస్తే అక్కడా ఉంటుంది. అక్కడ లేకపోతే లేనట్టే. లింకుతో పాటు 'ఈ యాప్ వేసుకోండి' అని ఫైలు ఏదైనా పంపితే, ఏపీకే అని చివర ఉంటుంది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకు. అది మీ మెసేజీలు, ఓటీపీలు చదివేస్తుంది. ఇయర్‌బడ్స్ పోతే 2,999. ఆ ఫైలు వేసుకుంటే అకౌంటు ఖాళీ.

మీ రూమ్మేట్‌ని కింద అయిదో ఉత్తరం చదవమను. నెల ఆలస్యమైనా ఫిర్యాదు రాయమను.

*

ప్రశ్న: క్యాష్ ఆన్ డెలివరీ అయితే మోసం ఉండదు కదా అని మేం ధైర్యంగా ఉన్నాం. మొన్న మేం లేనప్పుడు పార్సిలు వస్తే మా నాన్నగారు 999 కట్టి తీసుకున్నారు. విప్పి చూస్తే ఇంట్లో ఎవరికీ సరిపోని ప్లాస్టిక్ చెప్పులు. ఎవరమూ ఆర్డర్ పెట్టలేదు. (ఉద్యోగిని, అక్కయ్యపాలెం)

జవాబు: మీ నాన్నగారిని కోప్పడకండి. ఇంటి పేరు, ఫోను నంబరు అన్నీ సరిగ్గా అచ్చు వేసుకుని తలుపు దగ్గరికి వచ్చిన పార్సిలుని పిల్లలెవరో తెప్పించుకున్నారని ఏ పెద్దాయనైనా అనుకుంటారు. ఆ దొంగలు నమ్ముకున్నది సరిగ్గా ఆ ప్రేమనే. మీ వివరాలు ఎక్కడో ఏ గిఫ్టు కూపనుకో ఇచ్చినప్పుడు బయటికి పోయి ఉంటాయి.

డెలివరీ అబ్బాయితో గొడవ పడటం దండగ. అతని చేతికి సంచీలో వేసి ఇచ్చింది అతను తెచ్చాడు, పార్సిలు ఇచ్చేసి డబ్బు తీసుకెళ్ళకపోతే అతనే జవాబు చెప్పుకోవాలి. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా ఏదైనా తెప్పించుకుంటే ఫ్రిజ్ మీద కాగితంలో రాస్తారు, వస్తువు, సైటు పేరు, ధర. ఆ కాగితంలో లేని పార్సిలుకి మా అత్తగారు తలుపే తీయరు. ఒకసారి నేను రాయడం మర్చిపోయాను, నా పార్సిలునీ వెనక్కి పంపేశారు.

'ఆర్డరు క్యాన్సిల్ చేయాలంటే మీ ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పండి' అంటే చెప్పకండి. క్యాన్సిల్ మీ యాప్‌లోనే చేసుకుంటారు. పెద్ద సైట్లలో 'ఓపెన్ బాక్స్' డెలివరీ ఉంటే, ముందు విప్పి చూసి తర్వాతే ఓటీపీ చెప్పండి. పార్సిలు మీద పంపినవాళ్ళ పేరు, అడ్రసు ఉన్న కాగితం పారేయకండి, ఫొటో తీసి పెట్టండి.

*

ప్రశ్న: మిక్సీ కోసం ఒక సైటులో 4,200 కట్టాను. సైటు పేరు ఒకటి, స్కాన్ చేస్తే ఏదో మనిషి పేరు వచ్చింది. అప్పుడే అనుమానం వచ్చింది, కానీ వేలు ఆగలేదు. ఇవాళ ఆ సైటే తెరుచుకోవడం లేదు. నిన్న సాయంత్రం కట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యకండి. (విశాఖపట్నం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఈమెయిల్లో వచ్చిన గంటకే మీకు జవాబు రాశాను, అందరికీ పనికొస్తుందని ఇక్కడా వేస్తున్నాను.

ముందు 1930కి ఫోను చేయండి. ఇది దేశమంతటికీ సైబర్ మోసాల నంబరు. ఆ తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్లో ఫిర్యాదు రాయండి. మీ యూపీఐ యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు నొక్కితే 12 అంకెల నంబరు ఉంటుంది, యూటీఆర్ అంటారు. అది, తేదీ, సమయం, అవతలి పేరు, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకోండి. ఆ సైటు స్క్రీన్‌షాట్, ప్రకటన, ఆర్డర్ మెసేజ్, ఏది మిగిలితే అది దాచండి. మీరు చెప్పిన వివరాలతో ఆ డబ్బు చేరిన బ్యాంకుకి కబురు వెళ్తుంది. అక్కడ డబ్బు ఇంకా ఉంటే కదలకుండా ఆపుతారు. దొంగలు ఒక అకౌంటులోంచి ఇంకో అకౌంటులోకి నిమిషాల్లో తోసేస్తారు కాబట్టి మొదటి గంటలో చెబితే అవకాశం ఎక్కువ. మర్నాడు చెబితే తక్కువ, అయినా చెప్పాలి. తర్వాత మీ బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా రాసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. మీకు తెలియకుండా మీ అకౌంటులోంచి డబ్బు పోతే, బ్యాంకు తప్పు గానీ మీ తప్పు గానీ లేనప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే మీ బాధ్యత సున్నా అని 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. చాలామంది దీన్ని చూపించి బ్యాంకుతో పోట్లాడతారు. మీరు పిన్ కొట్టి మీరే పంపారు కాబట్టి అది మీకు అలా వర్తించదు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే వస్తువు రాలేదని 'చార్జ్‌బ్యాక్', అంటే ఆ చెల్లింపు వెనక్కి ఇప్పించమని, బ్యాంకుని అడగొచ్చు. అందుకే తెలియని సైటుకి కట్టక తప్పనప్పుడు కార్డు మేలంటాను, స్కాన్ చేసి కట్టడం అన్నిటికన్నా అధ్వానం.

మీ వేలు ఆగలేదన్న చోట నాకు గుండె కలుక్కుమంది. స్కాన్ చేయగానే వచ్చే ఆ పేరు అలంకారం కాదు. బ్యాంకు రికార్డులో ఉన్న అసలు పేరునే చూపించాలని 2025లో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నియమం కూడా పెట్టింది. మిక్సీల కంపెనీ పేరు రావలసిన చోట ఎవరో మనిషి పేరు వస్తే, అదే మన నమూనా సంతకం కలవకపోవడం.

ఇప్పుడు ఇంట్లో చెప్పకపోవడం గురించి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో బాల్కనీకి పేము ఉయ్యాల కొందామని ఒక సైటులో 1,899 కట్టాను. ఉయ్యాల రాలేదు, సైటు మాయమైంది. బ్యాంకులో అంత సర్వీసు చేసినదాన్ని, పాస్‌బుక్ మీద మరక పడితేనే కారణం అడిగిన దాన్ని, నేను మోసపోయానని మా ఆయనతో ఎలా చెప్పను? మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. రోజూ బాల్కనీ తుడుస్తూ ఉయ్యాల వేలాడదీయాల్సిన కొక్కెం కేసి చూసేదాన్ని. అప్పటికి 1930 అన్న నంబరు రాలేదు, పోర్టల్ మాత్రం ఉంది. నేను వెళ్ళలేదు, సిగ్గు. ఆ మూడు రోజుల్లోనే మా వీధిలో ఇంకో ఇద్దరు అదే సైటులో కట్టారని తర్వాత తెలిసింది. వాళ్ళలో ఒకామెకి ఆ సైటు చూపించింది నేనే. "ఎంత చవకో చూడండి" అని. ఆ కొక్కెం ఇప్పటికీ ఉంది. పూలకుండీ తగిలించాను.

రెండు జాగ్రత్తలు. 'మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం' అని ఎవరైనా ఫోను చేస్తే వాళ్ళు రెండో దొంగలు. మోసపోయినవాళ్ళ జాబితాలు వాళ్ళలో వాళ్ళు అమ్ముకుంటారు. డబ్బు మన అకౌంటులోకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఫోను తెర వాళ్ళకి చూపించే యాప్ వేసుకోమంటే వేసుకోకుండా ఫోను పెట్టేయండి. రెండోది, సైటు నిజమైనదే, వస్తువు పాడైంది, డబ్బు ఇవ్వడం లేదు అనే రకం గొడవలకి 1930 కాదు. దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

*

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది ఏటికొప్పాక. లక్క బొమ్మలు చేస్తాం. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముకుంటున్నాం. మీరు పోయినసారి కూడా జీఎస్టీ చూడండి, పాత సైటు చూడండి అని రాశారు. మాకు సైటే లేదు, జీఎస్టీ లేదు. యూపీఐలో మా ఆయన పేరే వస్తుంది. మీ మాటలు చదివినవాళ్ళు మమ్మల్ని కూడా దొంగలనుకోరా? (ఒక కళాకారిణి, ఏటికొప్పాక)

జవాబు: మీ ఉత్తరం చదివి ఆ రోజు ఇంకో ఉత్తరం ముట్టుకోలేదు. మీరు చెప్పింది నిజం. పెద్ద దొంగ దగ్గర ఎత్తుకొచ్చిన జీఎస్టీ నంబరు ఉంటుంది, మీలాంటి నిజమైన మనిషి దగ్గర ఉండకపోవచ్చు. చిన్న వ్యాపారులందరికీ జీఎస్టీ తప్పనిసరి కూడా కాదు. నేను చెప్పిన కొలతలు కంపెనీనని చెప్పుకునేవాళ్ళకి. 1987 నుంచి ఉన్నామని, ద్వారకానగర్‌లో షోరూము ఉందని అన్నవాళ్ళ చేత రుజువు అడగాలి. 'మా ఇంట్లో చేస్తాం, మా ఆయన పేరు మీద డబ్బులు వేయండి' అన్నవాళ్ళని వాళ్ళు చెప్పినదానికే పరీక్షించాలి.

మీకు నేను చెప్పేది, మీ గుమ్మం మీరే చూపించండి. మీ పేజీలో మీ ఊరు, మీ వీధి రాయండి. చెక్కుతున్నప్పుడు, లక్క పూస్తున్నప్పుడు వీడియో పెట్టండి. అంకుడు కర్ర తిరుగుతుంటే రంగు కరిగి పట్టుకునే వీడియోని దొంగ ఎక్కడినుంచో ఎత్తుకు రాగలడేమో గానీ, కొనేవాళ్ళు అడిగిన బొమ్మని అప్పటికప్పుడు చేత్తో తిప్పి అడుగు చూపించడం వాడి వల్ల కాదు. మీ పేజీలోనే యూపీఐలో వచ్చే పేరు ఇదీ అని ముందే చెప్పేయండి, అప్పుడు ఆ పేరు చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరు వాడుకుని ఎక్కడో ఫ్యాక్టరీల్లో చేసినవి అమ్మేవాళ్ళు ఉంటారు. మీకు నిజమైన పోటీ వాళ్ళే.

కొనేవాళ్ళకి, మొదటిసారి సగం డబ్బు ముందు, సగం వస్తువు అందాక అని అడగండి. నిజమైనవాళ్ళు విసుక్కుంటారు, బేరం ఆడతారు, చివరికి ఏదో ఒక దారికి వస్తారు. దొంగ విసుక్కోడు. చాలా మర్యాదగా 'ఆఫర్ రాత్రి పన్నెండుకి అయిపోతుంది మేడమ్' అంటాడు.

మీ ఉత్తరంలో ఉన్న నంబరుకి నేను వీడియో కాల్ చేశాను కదా. మీరు వంటింట్లోంచి బయటికి వచ్చి చూపించారు, వెనక మిషను చప్పుడు, మీ ఆయన "ఎవరూ?" అనడం వినబడ్డాయి. మా మనవరాలికి లక్కపిడతల సెట్టు చెప్పాను. సగం డబ్బు పంపాను. పార్సిలు అయిదో రోజున వచ్చింది, పాత తెలుగు పేపర్లో చుట్టి. మిగతా సగం పంపేశాను, అందింది కదా. అన్నీ బాగున్నాయి. ఆకుపచ్చ గిన్నె మూత మాత్రం పట్టడం లేదమ్మా, మార్చి పంపండి.